స్విచ్ ఆపిన తరువాత

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మాచ్‌ఖండ్ గురించో నాగార్జునసాగర్ గురించో రాద్దామనుకున్నాను. అయితే వాటి గురించి నాకన్నా సాధికారంగా రాయగల పెద్దలు మన సభ్యులలోనే ఉన్నారు. ఈ ఆలోచనలో ఉండగా బ్రాడీపేటలోని ఒక పాత ఇంటి నుంచి ఫోను వచ్చింది. చేసినది, కీర్తిశేషులైన నా మిత్రుడొకరి కుమారుడు. ఆ మిత్రుడు కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. పేటలో అందరికీ మాస్టారే. ఇల్లు అపార్టుమెంటు కట్టేవాళ్లకు ఇస్తున్నారట. "బాబాయిగారూ, మేడమీద నాన్నగారి వైర్‌లెస్ గది ఖాళీ చేయాలి. ఆ ఇనపబీరువా లాంటి దాన్ని పాతసామాన్ల అతనికి ఇచ్చేద్దామంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. పనిచేస్తుందేమోనని ఒకసారి ప్లగ్గు పెట్టి చూద్దామనుకుంటున్నాను" అన్నాడు.

ఆ చివరి మాట విని, "ప్లగ్గు పెట్టకు నాయనా, తలుపు కూడా తీయకు, నేను వస్తున్నాను" అని చెప్పి ఆటో ఎక్కాను.

గది దాదాపు అలాగే ఉంది. కిటికీ పక్కన బల్ల, దానిమీద మోర్సు కీ, దుమ్ముపట్టిన రిసీవరు, గోడకు వరుసగా విదేశాల నుంచి వచ్చిన పోస్టుకార్డులు. మూలన నిలువెత్తు ట్రాన్స్‌మిటరు. దాని పక్కన మేకుకు ఒక కర్ర వేలాడుతున్నది. కర్ర అంటే మూడడుగుల బేకలైటు గొట్టం, చివర రాగికొక్కెం, కొక్కేనికి బిగించిన మెత్తని రాగితీగ, తీగ రెండో చివర బీరువా చట్రానికి బోల్టుతో బిగించి ఉన్నది. పైన మాస్టారి దస్తూరీలో ఒక అట్టముక్క: "తలుపు తీసే ముందు కర్ర తగిలించు". ఆ కర్ర అక్కడికి ఎందుకు వచ్చిందో ఈ లోకంలో ఇప్పుడు ఇద్దరికే తెలుసు. ఒకరు మాస్టారి భార్య, రెండో వాణ్ణి నేను. అందుకని ఆ కర్ర చరిత్రే రాస్తున్నాను. ఇది మన వృత్తికి దూరమైనది కాదని చదివాక మీరే ఒప్పుకుంటారు.

నేను సబ్ ఇంజనీరుగా చేరిన కొత్త, 1972 ప్రాంతం. సెక్షన్ ఆఫీసుకు ఒక చిత్రమైన ఫిర్యాదు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం విజయవాడ రేడియోలో నాటకం వింటుంటే నడుమ నడుమ కీచుకీచుమని చప్పుడు వస్తున్నదనీ, ఇది కరెంటువారి లోపమేననీ బ్రాడీపేట ఒక లైనువారు నలుగురైదుగురు సంతకాలు పెట్టి ఇచ్చారు. పోలు మీద జంపరు ఎక్కడైనా వదులై నిప్పురవ్వలు వస్తున్నాయేమోనని ఒక లైన్‌మన్ని వెంటబెట్టుకొని వెళ్లాను. పోళ్లన్నీ బాగానే ఉన్నాయి. కాని ఒక మేడమీద రెండు వెదురుబొంగుల నడుమ తీగ కట్టి ఉంది. అదే మాస్టారి ఏరియల్. ఆయన ఏమాత్రం దాచకుండా లైసెన్సు తెచ్చి చూపించి, "తప్పు నా సెట్టుదే అయి ఉండవచ్చు, ఎర్తు సరిగా లేదు. మీ శాఖవారు ఎర్తు ఎలా వేస్తారో చెప్పండి" అన్నారు. బొగ్గు, ఉప్పు పోసి పైపు ఎర్తు వేయించాను. ఆయన ఫిల్టర్లు కట్టుకున్నారు. నాటకానికి ఇబ్బంది చాలావరకు తగ్గింది. మా స్నేహం మాత్రం నలభై ఏళ్లు సాగింది.

హ్యామ్ రేడియో అంటే చాలామందికి ఇప్పటికీ తెలియదు గనుక రెండు మాటలు చెప్పాలి. జీతం కోసం కాక, నేర్చుకోవడం కోసం, ప్రభుత్వ లైసెన్సుతో సొంత వైర్‌లెస్ స్టేషను నడుపుకొనేవారే హ్యాములు. మన దేశంలో 1921లో అమరేంద్రచంద్ర గుప్తు, ముకుల్ బోసు దీనికి ఆద్యులు. మనమందరం మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, 1924లో, సి.వి.కృష్ణస్వామి చెట్టిగారు మద్రాసులో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టి ఔత్సాహికులతోనే ప్రసారాలు మొదలుపెట్టారు. ఆకాశవాణి అన్న పేరు దేశంలో వినపడకముందు సంగతి అది. 1939లో యుద్ధం రాగానే ప్రభుత్వం ఔత్సాహికుల లైసెన్సులు రద్దు చేసింది. యుద్ధం తరువాత మళ్లీ ఇచ్చింది. 1948లో మౌలో అమెచ్యూర్ రేడియో క్లబ్బు ఏర్పడింది. మన హైదరాబాదులో ఎస్.సూరిగారు 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థను స్థాపించారు. లైసెన్సు ఊరికే రాదు. మాస్టారి కాలంలో మోర్సు పరీక్ష ప్యాసు కావాలి. కింది గ్రేడుకు నిమిషానికి 5 మాటలు, పై గ్రేడుకు 12. ఆపైన పోలీసు విచారణ. "పెళ్లిచూపులకు కూడా ఇంత విచారణ జరగలేదు" అనేవారు మాస్టారు.

లైసెన్సు వచ్చినా సెట్టు దొరకదు. విదేశీ సెట్టు దిగుమతి అంటే ఆ రోజుల్లో మధ్యతరగతివాడు కలలో కూడా తలచేది కాదు. కనుక ఎవరి సెట్టు వారే కట్టుకోవాలి. సామాను ఎక్కడిది? యుద్ధంలో మిగిలిపోయి వేలంలో అమ్మిన మిలిటరీ సామాను మద్రాసు మూర్ మార్కెట్టులో గుట్టలుగా దొరికేది. మాస్టారు సెలవుల్లో రాత్రి రైలెక్కి మద్రాసు వెళ్లి, పగలంతా మూర్ మార్కెట్టులో తిరిగి, సంచీనిండా వాల్వులూ కండెన్సర్లూ తెచ్చుకొనేవారు. ఆ మార్కెట్టు 1985లో తగలబడిపోయినప్పుడు ఆయన సొంత ఇల్లు కాలినంత బాధపడ్డారు.

ఆ వాల్వులలో హ్యాములకు ప్రాణమైనది 807. అమెరికాలో ఆర్.సి.ఏ. కంపెనీవారి తయారీ. యుద్ధకాలంలో మిలిటరీ సెట్లలో విరివిగా వాడడం వల్ల తరువాత చౌకగా దొరికింది. దానికొక ప్రత్యేకత ఉంది. మామూలు రేడియో వాల్వులకు కనెక్షన్లన్నీ కిందనే ఉంటాయి. 807కు మాత్రం ప్లేటు కనెక్షను నెత్తిమీద చిన్న లోహపుటోపీగా ఉంటుంది. అయిదారువందల ఓల్టులు, కొందరు ఆశపోతులు పెడితే ఏడువందల యాభై, ఆ టోపీమీదే బాహాటంగా ఉంటాయి. చెయ్యి పెట్టడానికి అంతకన్నా అనువైన చోటు లేదు, అంతకన్నా పెట్టకూడని చోటూ లేదు.

అంత ఓల్టేజి ఎలా వస్తుందంటే, మనమిచ్చే 230 ఓల్టులను ట్రాన్స్‌ఫార్మరు పెంచుతుంది, రెక్టిఫయరు దాన్ని ఏకముఖం చేస్తుంది, ఆ వచ్చినదానిలోని అలజడిని పెద్ద కండెన్సర్లు సర్దుతాయి. సబ్‌స్టేషనులో మనం కెపాసిటర్ అనేదాన్నే రేడియోవాళ్లు కండెన్సర్ అంటారు. అది చెరువు లాంటిది. కాలువ కట్టేసినంత మాత్రాన చెరువు ఎండదు. స్విచ్ ఆపితే ట్రాన్స్‌ఫార్మరు ఆగుతుంది గాని, కండెన్సరులో నిండినది అక్కడే ఉంటుంది. మాస్టారి సెట్టులో 16 మైక్రోఫారడ్‌లు, 700 ఓల్టులు. లెక్క కడితే సుమారు 4 జౌళ్లు. కిలో బరువు నలభై సెంటీమీటర్ల ఎత్తునుంచి పడినంత. ఇంతేనా అనిపిస్తుంది. కాని ఆ బరువు చేతిమీద కాక నరాలలో, రెప్పపాటులో పడుతుంది. అమెరికన్ హ్యాములు వాడే పెద్ద యాంప్లిఫయర్లలో 3000 ఓల్టులు, 25 మైక్రోఫారడ్‌లు ఉండవచ్చు. అక్కడ లెక్క 112 జౌళ్లు దాటుతుంది. దానికి రెండో అవకాశం ఉండకపోవచ్చు.

ఈ నిలవ సరుకు దానంతట అది ఖాళీ కావడానికి కండెన్సరుకు అడ్డంగా ఒక రెసిస్టరు పెడతారు. దానికి బ్లీడరని పేరు. మాస్టారి సెట్టులో 25 వేల ఓములది ఉండేది. అది బాగుంటే స్విచ్ ఆపిన రెండు సెకన్లలో 700 ఓల్టులు కాస్తా అయిదు ఓల్టులకు దిగిపోతాయి. అయితే పాపం దాని బతుకేమిటో చూడండి. సెట్టు నడుస్తున్నంతసేపూ అది ఊరికే కూర్చొని 20 వాట్ల వేడిని భరిస్తూ ఉండాలి. కొన్నేళ్లకు లోపలి తీగ తెగుతుంది. తెగినా సెట్టు పాట్లు సెట్టు పడుతుంది. మాట బాగానే వెళుతుంది, మీటర్లు బాగానే చూపిస్తాయి. అది పనిచేయడం లేదని తెలిసేది తలుపు తీసి చెయ్యి పెట్టినప్పుడే.

నాకు తెలిసినది అలాగే.

1974 వేసవి. సాయంత్రం డ్యూటీ దిగి వెళ్లాను. మాస్టారు ఢిల్లీవారెవరితోనో మాట్లాడుతుంటే సెట్టులోంచి చిటపటమని శబ్దం వస్తున్నది. ఆయన సంభాషణ ముగించి, స్విచ్ ఆపి, "కాఫీ తెస్తాను, తరువాత చూద్దాం" అని కిందికి వెళ్లారు. నేను తలుపు తీసి చూశాను. 807 నెత్తిమీది క్లిప్పు వదులుగా ఉంది. పైలట్ దీపం ఆరిపోయి ఉంది, వాల్వులో ఎర్రదనం లేదు. వేలితో క్లిప్పు నొక్కబోయాను.

ఆ తరువాతిది నాకు వరుసగా గుర్తులేదు. ముంజేతిమీద గునపంతో పొడిచినట్టయింది. చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చి బీరువా రేకు అంచుకు కొట్టుకుంది. స్టూలుతో సహా వెల్లకిలా పడ్డాను, తల గడపకు తగిలింది. షాకు కన్నా రేకు ఎక్కువ పనిచేసింది. మోచేతి దగ్గర ఏడు కుట్లు పడ్డాయి. మచ్చ ఇప్పటికీ ఉంది. మాస్టారు కాఫీగ్లాసులు మెట్లమీదే వదిలేసి పరుగెత్తుకొచ్చారు. వచ్చి నన్ను ముట్టుకోలేదు. ముందు గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు పీకారు. అప్పుడు నా దగ్గరికి వచ్చారు. ఆ క్రమం నాకు బాగా జ్ఞాపకం, ఎందుకంటే ఆ క్షణంలో నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

నన్ను ఆసుపత్రికి తీసుకువెళ్లి కట్టు కట్టించి తెచ్చాక, రాత్రి పదింటికి ఆయన మీటరు పెట్టి బ్లీడరును చూశారు. ముల్లు కదలలేదు. తెగిపోయి ఎన్నాళ్లయిందో దేవుడికి తెలియాలి. "తప్పు నాదండీ, చూసుకోలేదు" అన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. నేను ఏ శాఖలో పనిచేస్తున్నవాణ్ణి? అదే వారంలో 11 కేవీ లైను మీద పనికి సబ్‌స్టేషను నుంచి ఎల్.సి. రాతపూర్వకంగా తీసుకొని, ఏబీ స్విచ్ తెరిచి, తాళం వేయించి, డిశ్చార్జి రాడ్లు పనిచోటుకు రెండు పక్కలా తగిలిస్తే తప్ప హెల్పరును పోలెక్కనివ్వలేదు. అంతకు కొన్నాళ్ల ముందు ఒక హెల్పరు రాడ్డు వేయకుండా ఎక్కబోతే పదిమందిలో తిట్టాను కూడా. స్విచ్ ఆపిన లైను చచ్చిన లైను కాదని, ఎర్తు చేసినదే చచ్చిన లైనని మనకు మొదటి రోజే చెబుతారు. జిన్నింగు మిల్లు జనరేటరు నుంచి వెనక్కి సప్లై రావచ్చు, పక్క లైను ప్రేరణ ఉండవచ్చు, దూరాన పిడుగు పడవచ్చు. ఇవన్నీ తెలిసినవాణ్ణి ఒక రేడియో డబ్బాలో, చిన్నదే కదా అని, వట్టి చెయ్యి పెట్టాను. ఈ సంగతి ఆఫీసులో చెప్పలేదు. సైకిలు మీదనుంచి పడ్డానని చెప్పాను. ఇన్నేళ్లకు ఇక్కడ ఒప్పుకుంటున్నాను. నేను తిట్టిన ఆ హెల్పరు ఇది చదివితే క్షమించుగాక.

ఆ రాత్రి మాస్టారు తనకు తెలిసిన పాత కథలు చెప్పారు. నొప్పితో నిద్రపట్టదని నాకు కాలక్షేపం కోసం చెప్పారు గాని, అవి నాకు పాఠాలయ్యాయి. మొదటి కండెన్సరు పుట్టినప్పుడే మొదటి దెబ్బా తగిలిందట. 1746లో హాలెండులోని లైడెన్ నగరంలో మస్షెన్‌బ్రూక్ అనే ఆచార్యుడు సీసాలో నీళ్లు పోసి విద్యుత్తు నింపి ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో తీగ ముట్టుకున్నాడు. ఒళ్లంతా కంపించి, ఫ్రాన్సు రాజ్యమిచ్చినా మళ్లీ ఆ పని చేయనని మిత్రుడికి ఉత్తరం రాశాడు. 1750 డిసెంబరులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటివాడు రెండు పెద్ద సీసాలలో నింపిన విద్యుత్తుతో టర్కీకోడిని చంపబోయి, చుట్టూ ఉన్నవారి కబుర్లలో పడి, ఆ దెబ్బ తానే తిన్నాడు. కాసేపు స్పృహ తప్పింది. సిగ్గుపడుతూ అన్నగారికి రాసుకున్నాడు. అది చదివాక, సైకిలు మీదనుంచి పడ్డానన్న నా అబద్ధానికి కొంత ఊరట కలిగింది.

మూడో కథకు మాత్రం ఎవరూ నవ్వలేదు. రాస్ హల్ అని ఆస్ట్రేలియాలో పుట్టినవాడు. అమెరికా వెళ్లి అక్కడి హ్యాముల సంఘంలో, వారి పత్రిక క్యూ.ఎస్.టి.లో పనిచేశాడు. అయిదు మీటర్ల తరంగాలు దూరాలకు ఎలా వంగి వెళుతున్నాయో, వాతావరణంలోని గాలిపొరలకూ దానికీ సంబంధమేమిటో ఓపికగా పరిశీలించి తేల్చాడు. ప్రపంచంలో ఈ విద్య తెలిసిన పదిమందిని లెక్కపెడితే అతడు అందులో ఉండేవాడు. 1938 సెప్టెంబరులో తన ఇంట్లో టెలివిజన్ సెట్టు మీద ప్రయోగం చేస్తూ హై ఓల్టేజి తగిలి మరణించాడు. నలభై ఏళ్లు కూడా నిండలేదు. ఆ దెబ్బతో అమెరికా హ్యాముల సంఘం మేలుకొని భద్రతపై పెద్ద ప్రచారం చేపట్టింది. ప్రతి స్టేషనుకూ అందరికీ కనబడేచోట ఒకే ఒక మెయిన్ స్విచ్ ఉండాలి, తలుపు తీస్తే దానంతట అదే సప్లై తెగిపోవాలి, బ్లీడరు ఉండాలి, ఉన్నా నమ్మకుండా కర్రతో షార్టు చేయాలి, లోపల పని చేసేటప్పుడు ఒక చెయ్యి జేబులో ఉండాలి, హెడ్‌ఫోన్లు పెట్టుకొని లోపల చెయ్యి పెట్టరాదు, అలసిపోయినప్పుడు పెట్టరాదు, ఒంటరిగా అసలే పెట్టరాదు. ఆ కర్రను అక్కడివారు వేళాకోళంగా "చికెన్ స్టిక్" అంటారు. పిరికివాడి కర్ర అని అర్థం.

జేబులో చెయ్యి ఎందుకంటే, రెండు చేతులూ లోపల ఉంటే కరెంటు ఒక చేతిలోంచి రెండో చేతిలోకి గుండె మీదుగా పోతుంది. ఒక చేతికే పరిమితమైతే బతికే అవకాశం ఎక్కువ. నా విషయంలో జరిగినది అదే. తెలివితో కాదు, రెండో చెయ్యి స్టూలు పట్టుకొని ఉండడం వల్ల.

మరునాడు ఆదివారం. మాస్టారు కర్ర తయారుచేశారు. నేను ఎడమచేత్తో తీగ అందించాను. బ్లీడరు ఒకటి చాలదని రెండు పెట్టారు, ఒకటి పోయినా రెండోది ఉంటుందని. తలుపుకు చిన్న స్విచ్ బిగించారు. కర్ర విషయంలో నేను చెప్పిన మాట ఒకటి ఆయన స్వీకరించారు. కేబులును మెగ్గరుతో పరీక్షించాక ఒకసారి ఎర్తుకు ముట్టించి తీసేస్తే చాలదు, కాసేపటికి మళ్లీ కొంత తలెత్తుతుంది, అందుకని అలాగే ఉంచుతాం కదా. కండెన్సరుదీ అదే స్వభావం. కనుక కొక్కెం తగిలించి తీసేయడం కాదు, పని అయ్యేవరకు అలా వేలాడుతూనే ఉండాలి. ఈ విధంగా మన లైన్‌మన్ల డిశ్చార్జి రాడ్డూ, అమెరికా పిరికివాడి కర్రా బ్రాడీపేటలో ఒకటయ్యాయి.

అయితే ఒక తేడా ఎంత ఆలోచించినా తీరలేదు. మన శాఖలో ఎల్.సి. ఇచ్చేవాడొకడు, తీసుకొనేవాడొకడు. సంతకం ఉంటుంది, పుస్తకం ఉంటుంది, కింద నిలబడి చూసే మనిషి ఉంటాడు. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్సు మన వెనక ఉండేవి. వాటి స్థానంలో 2010లోనూ మళ్లీ 2023లోనూ వచ్చిన నిబంధనలున్నాయి. ఇంట్లో తనకోసం తాను సెట్టు కట్టుకొనేవాడికి ఎల్.సి. ఎవరిస్తారు? ఇచ్చేవాడూ పుచ్చుకొనేవాడూ అతడే. దీనికి మాస్టారు కనుగొన్న ఉపాయం ఆయన భార్య. ఆమె ఫిజిక్సు చదవలేదు, మోర్సు రాదు. కాని ఆ రోజు నుంచి ఆయన బీరువా తలుపు తీయాలంటే ఆమె వచ్చి గుమ్మం దగ్గర పీట వేసుకొని కూర్చోవాలి. ఏదైనా జరిగితే ఆయనను ముట్టుకోకుండా ముందు మెయిన్ స్విచ్ లాగాలి. ఇది నెలకొకసారి అభ్యాసం చేయించేవారు కూడా.

స్విచ్ లాగాక ఏం చేయాలన్నది మరో చరిత్ర. మన సబ్‌స్టేషన్లలో రూలు ప్రకారం గోడకు షాకు తగిలినవారి చికిత్స పటం ఉండేది, గుర్తుందా? బోర్లా పడుకోబెట్టి వీపుమీద నొక్కే పటం. అది 1903 నాటి షేఫర్ పద్ధతి. తరువాత 1932లో హోల్గర్ నీల్సన్ పద్ధతి వచ్చింది. రెండూ ఊపిరి ఆడించడానికే గాని ఆగిన గుండెకు కాదు. గుండె సంగతి తేల్చినవాడు డాక్టరు కాడు, మనలాంటి ఎలక్ట్రికల్ ఇంజనీరు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ఆచార్యుడు విలియం కౌవెన్‌హోవెన్. లైన్‌మన్లు షాకులతో చనిపోతున్నారని అక్కడి విద్యుత్ సంస్థలే ఆ పరిశోధనకు డబ్బిచ్చాయి. 1960లో ఆయన, జూడ్ అనే డాక్టరుతోనూ, నికర్‌బాకర్ అనే మరో ఇంజనీరుతోనూ కలిసి, ఛాతీమీద లయగా నొక్కితే ఆగిన గుండె నుంచి కూడా రక్తం ప్రవహిస్తుందని ప్రకటించారు. ఇవాళ సి.పి.ఆర్. అని పిల్లలకు కూడా నేర్పుతున్నది అదే. మన వృత్తివారి చావులలోంచి వచ్చిన విద్య అది. మాస్టారు ఈ పద్ధతిని ఎక్కడో చదివి, తలగడమీద ఆమెకు నేర్పించారు.

మళ్లీ మొన్నటి సంగతికి వస్తాను. మాస్టారి అబ్బాయి నా మాటలన్నీ విని, "ఇప్పుడు ఇంటికి ఆర్.సి.సి.బి. ఉంది కదా బాబాయిగారూ, షాకు కొట్టగానే ట్రిప్పవుతుంది" అన్నాడు. చదువుకున్నవాడే. ఈ పొరపాటు మన సభ్యుల ఇళ్లలో కూడా ఉండవచ్చు గనుక రాస్తున్నాను. ఆర్.సి.సి.బి. చాలా మంచి సాధనం. దానికి పునాది వేసిన పరిశోధనలు చేసినవారిలో చార్లెస్ డాల్జియెల్ ముఖ్యుడు. సగటు మగవాడు సుమారు 16 మిల్లీ ఆంపియర్లు దాటితే పట్టుకున్న తీగను వదలలేడని స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారిమీద పరీక్షించి తేల్చాడు. కాని ఆ పరికరం చూసేది వెళ్లిన కరెంటు తిరిగి వచ్చిందా లేదా అని. ట్రాన్స్‌ఫార్మరు అవతలి వైపు 700 ఓల్టులు మనిషిలోంచి పోయినా ఇవతలి వైపు లెక్క సరిగ్గానే ఉంటుంది. పైగా కండెన్సరులో నిలవ ఉన్నదానికి మెయిన్‌తో సంబంధమే లేదు. ప్లగ్గు పీకి ఆ గదిలో నిలబడ్డ మనిషిని ఏ బ్రేకరూ కాపాడలేదు.

హ్యాముల సెట్లు ఇప్పుడు చాలామటుకు పన్నెండు, పదమూడు ఓల్టుల మీద పనిచేసే ట్రాన్సిస్టరు సెట్లు. 1980ల తరువాత దిగుమతి సులువైంది, 807లు మూలపడ్డాయి. కాని ఆ ప్రమాదం మన వంటిళ్లకు వచ్చి కూర్చుంది. మైక్రోవేవ్ పొయ్యిలోని కండెన్సరుకు రెండువేల పైచిలుకు ఓల్టులు ఉంటాయి. దానిని మాత్రం ఎవరూ ఇంట్లో విప్పవద్దు. డాబామీద సోలారు పలకలు పెట్టించుకున్నవారు ఇంకొకటి గమనించాలి. మన ఏ.సి. స్విచ్ ఆపినా, ఎండ ఉన్నంతసేపూ పలకల నుంచి దిగే తీగల్లో డి.సి. ఉంటుంది. ఇన్వర్టరు లోపలి కండెన్సర్లు ఖాళీ కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది.

సెట్టును తుక్కుకు ఇవ్వడం మాస్టారి భార్యకు ఇష్టం లేదని చెప్పాను కదా. చివరికి ఇంజనీరింగు చదువుతూ లైసెన్సు తెచ్చుకున్న ఒక కుర్రవాడు తీసుకుంటానన్నాడు. ఆదివారం ఆటోట్రాలీ వేసుకొని వచ్చాడు. అతడు వచ్చేలోగా నేను కర్ర తీగను చేత్తో వంచి చూశాను. పైతొడుగు పగిలి, లోపల సగం పోగులు తెగి ఉన్నాయి. కొత్త తీగ బిగించి, మీటరు పెట్టి ముల్లు కదిలిందని చూశాక, దానితోనే కండెన్సర్లను షార్టు చేసి, వాటి కొసలకు రాగితీగ చుట్టి కట్టేశాను. బ్లీడర్లు రెండింటిలో ఒకటి పోయింది, ఒకటి ఉంది. అది చూసి కుర్రవాడు, "రెండెందుకండీ?" అని అడిగాడు. నేను చొక్కాచెయ్యి పైకి మడిచి చూపించాను.

నలుగురూ బీరువాను మెట్లు దింపుతుంటే ఆమె కర్ర పట్టుకొని వెనక దిగారు. ట్రాలీ ఎక్కించాక అతడి చేతికిచ్చి, "ఆయన తలుపు తీస్తే పొయ్యిమీద పప్పు మాడినా నేను పైకి రావాల్సిందే. ఇది చేసేటప్పుడు నీ దగ్గర ఎవరుంటారు బాబూ?" అని అడిగారు.

"గదిలో ఇద్దరం ఉంటామండీ మామ్మగారూ."

"ఆ రెండో అబ్బాయికి మెయిన్ స్విచ్ ఎక్కడుందో తెలుసా?"

కుర్రవాడు కొంచెం నీళ్లు నమిలాడు. ఆమె అక్కడే, ట్రాలీ డ్రైవరు తొందరపడుతున్నా వినకుండా, అతడిచేత ఆ రెండో అబ్బాయికి ఫోను చేయించి, స్విచ్ ఎక్కడుందో వెళ్లి చూసి వచ్చి చెప్పేదాకా బండి కదలనివ్వలేదు.